హంతకుడి పేరు పెన్నుతో రాసి ఉన్న పుస్తకం

ప్రశ్న: నమస్తే సార్. మాది కూకట్‌పల్లి. ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఆరేళ్లుగా కథలు రాస్తున్నాను, మూడు అచ్చయ్యాయి. చదివినవాళ్లంతా ఒకటే అంటారు: భాష బాగుంది, మనుషులు మన ఇంట్లోవాళ్లలాగే ఉన్నారు, కానీ మధ్యలో పక్కన పెట్టి టీ తాగొచ్చాక మళ్లీ తీయబుద్ధి కాలేదు అని. ఒక స్నేహితురాలేమో డిటెక్టివ్ నవలలు చదువు, కథ నడపడం వస్తుంది అంది. మా మామగారు రిటైర్డ్ తెలుగు లెక్చరరు. ఆయనకి చెప్తే "ఆ చెత్త చదివితే ఉన్న శైలి కూడా పోతుందమ్మా" అని నవ్వారు. నేను హత్యల కథలు రాయను, రాయాలని కూడా లేదు. ఇళ్లలో జరిగేవే రాస్తాను. వాటిలో నాకు పనికొచ్చేది నిజంగా ఏమైనా ఉందా? ఉంటే ఎలా చదవాలి? ఈమధ్య రాసిన కథ ఒకటి జత చేశాను, వీలైతే చూడండి.
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ మామగారి మాట. ఆయన అన్నదాంట్లో సగం నిజమే, ఒప్పేసుకుందాం. మా చిన్నప్పుడు పాకెట్ నవల అంటే సైన్సు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేది, దొరికితే వీపు విమానం మోతే. అట్ట మీద పిస్టలు పట్టుకున్న చెయ్యి, పక్కన చీర జారుతున్న అమ్మాయి, లోపల కథకీ ఆ అమ్మాయికీ ఏ సంబంధమూ ఉండేది కాదు. భాష కూడా చాలావాటిలో అంతంత మాత్రమే. "అతడు కొయ్యబారిపోయాడు" అన్న వాక్యం ఒకే పుస్తకంలో పదకొండుసార్లు వచ్చింది, కూర్చుని లెక్కపెట్టాను. శైలి కోసం వెళ్లే చోటు కాదది. కానీ మీరు శైలి కోసం వెళ్లడం లేదు కదా. మీ కథ చదివాను కాబట్టి చెప్తున్నా, అందులో ఆ అత్తగారు పచ్చడి జాడీ మూత తీసి, వాసన చూసి, ఏమీ అనకుండా మళ్లీ మూసేసే వాక్యం నాకు రెండు రోజులు గుర్తుండిపోయింది. అలాంటి వాక్యం రాయగలిగినవాళ్లకి కొయ్యబారిపోయినవాళ్ల వల్ల వచ్చే ప్రమాదం ఏమీ లేదు.

మీకు లేనిది ఇంకోటి ఉంది. అది చెప్పాలంటే ముందు నా సొంత గోల కొంచెం వినాలి.

నేను మలక్‌పేటలో పెరిగాను. మా సందు చివర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. ఐదు రూపాయలు డిపాజిట్, రోజుకి పావలా. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో అక్కణ్నుంచి ఒక డిటెక్టివ్ నవల తెచ్చుకుని, ఇంటికొచ్చి తెరిస్తే, మొదటి పేజీలో పేరు కిందే నీలం పెన్నుతో రాసి ఉంది: "చంపింది డాక్టరు. ఊరికే చదవకు." ఏ దుర్మార్గుడో తెలీదు. పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్తే షాపాయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "పేజీలన్నీ ఉన్నాయిగా బాబూ, ఇంకేం" అన్నాడు. పావలా పోయినట్టే. బయట మండిపోయే ఎండ, ఇంట్లో కరెంటు లేదు, చదవడానికి ఇంకోటి లేదు. ఏడుపుమొహంతోనే మొదలుపెట్టాను.

రెండో అధ్యాయంలో డాక్టరు వచ్చాడు. మంచివాడు. చచ్చిపోయినాయన భార్యకి నిద్రమాత్ర ఇచ్చాడు, తల మీద చెయ్యేసి ఓదార్చాడు, గోడ గడియారం వైపు చూసి "నేను వచ్చేసరికే ఎనిమిదిన్నర అయిందమ్మా" అన్నాడు. నేను పుస్తకంలోకి అరిచినంత పని చేశాను: నిన్నెవరడిగారు టైము? నిజంగా ఎవరూ అడగలేదు. పేరు తెలియకుండా చదివితే ఆ వాక్యం మీద నుంచి నడిచి వెళ్లిపోయేవాణ్ని, ఎందుకంటే పక్క వాక్యంలోనే ఆ భార్య స్పృహ తప్పి పడిపోతుంది. అక్కణ్నుంచి గమనించడం మొదలుపెడితే, డాక్టరు ఏదైనా పొరపాటు మాట అన్నప్పుడల్లా రచయిత పక్కన ఒక చప్పుడు పెట్టాడు. ఒకసారి ఫోను మోగింది, ఒకసారి కుక్క మొరిగింది, ఒకసారి పనిమనిషి చేతిలో కప్పు పగిలింది. పుస్తకం పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు, గొప్ప పుస్తకం కూడా కాదేమో. కానీ ఆ మధ్యాహ్నం నేను కథ చదవలేదు, కథ రాస్తున్నాయన చేతులు చూశాను. ఇంద్రజాలం చేసేవాడి వెనక నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అలా. అప్పట్నుంచి మంచిది అనిపించిన ప్రతి క్రైం నవలా రెండుసార్లు చదువుతాను. మీకు నేను చెప్పగలిగిన సలహా కూడా అదే, మిగతాదంతా దాని వివరం.

ఎందుకంటే ఈ రకం నవలలో రెండు కథలు ఉంటాయి. ఒకటి నిజంగా జరిగింది: ఫలానావాడు ఫలానా రాత్రి ఎందుకు చంపాడు, ఎలా బయటపడ్డాడు. రెండోది మనకి చెప్పేది: శవం దొరకడంతో మొదలై, పోలీసులు, అనుమానాలు, చివరికి మొదటి కథ బయటపడటం. మంచి రచయిత మొదటి కథని పూర్తిగా తయారుచేసుకుని, ముక్కలు చేసి, ఏ ముక్క మనకి ఎప్పుడు ఇవ్వాలో ఎంచి ఎంచి రెండో కథలో పెడతాడు. ఇది మీకు కొత్త కాదు, మీ ఆఫీసులో మీరు రోజూ చేసే పనే. ఒక బ్యాచ్ ఫెయిలైతే ఏం చేస్తారు? బ్యాచ్ రికార్డు ముందేసుకుని వెనక నుంచి ముందుకి వెళ్తారు. ఏ షిఫ్టులో ఎవరు తూకం వేశారు, ఏ టైముకి డ్రయ్యర్ టెంపరేచర్ ఎంత, ఎక్కడ సంతకం ఉండి రీడింగు లేదు. మీరు రూట్ కాజ్, అంటే అసలు కారణం, వెతికే దారి డిటెక్టివ్‌ది. ఆ రికార్డుని తప్పు పైకి తేలకుండా నింపిన ఆపరేటరు దారి రచయితది. రెండో దారి మీరు నేర్చుకోవాలి, కథల్లో మాత్రమే లెండి.

ఇప్పుడు మీ కథకి వద్దాం. చదివేవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను, మీరేం అనుకోకండి. ఒక తండ్రి ఘట్‌కేసర్ దగ్గర ఎప్పుడో కొన్న ప్లాటుని తమ్ముడి అప్పు తీర్చడానికి భార్యకి చెప్పకుండా అమ్మేస్తాడు. ఆరు నెలల తర్వాత కూతురి పెళ్లి మాటలప్పుడు సంగతి బయటపడుతుంది. తల్లి ఏడుస్తుంది, కూతురు తండ్రిని అర్థం చేసుకుంటుంది. మంచి కథ. కానీ మొదటి పేజీలో అప్పు, రెండో పేజీలో అమ్మకం, మూడో పేజీలో "ఆరు నెలలు గడిచాయి", నాలుగో పేజీలో పెళ్లిచూపులు, ఐదో పేజీలో ఏడుపు. జరిగింది జరిగిన వరసలో పెట్టేశారు. రెండో పేజీ అయ్యేసరికి నాకు అంతా తెలిసిపోయింది, తెలిసినదానితో నేను చేసేది ఏమీ లేదు, ఐదో పేజీ ఏడుపు కోసం ఎదురుచూడటం తప్ప. టీ తాగడానికి లేచేది సరిగ్గా అక్కడే.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. అమ్మకం సంగతి పాఠకుడికి దాచొచ్చు. లేదా మొదటి వాక్యంలోనే చెప్పేసి, దాన్ని వాడుకోవచ్చు. మీరు చెప్పేశారు, వాడుకోలేదు.

దాచడం ఎలాగో చూడాలంటే షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి ఉంది, 1892లో వచ్చింది, పేరు 'సిల్వర్ బ్లేజ్', పందెం గుర్రం మాయమయ్యే కథ. రాత్రి కుక్క మొరగలేదు అన్న ఆధారం ఈ కథలోదే. అందరూ ఆ కుక్క గురించే చెప్తారు, నేను మాత్రం మటన్ కూర గురించి చెప్తా. గుర్రం పోయిన రాత్రి శాలలో కాపలా ఉన్న కుర్రాడికి నల్లమందు పెట్టి మత్తెక్కించారు. అతని రాత్రి భోజనం పనిమనిషి తీసుకెళ్లింది, మసాలా వేసి వండిన మటన్ కూర. ఈ సంగతి హోమ్స్ కథ మొదట్లోనే, రైల్లో తన స్నేహితుడు వాట్సన్‌కి చెప్పేస్తాడు, దాచేది ఏమీ లేదు. కానీ ఆ కూర మాట అయిన వెంటనే వచ్చే వాక్యం, తాగడానికి ఆమె ఏమీ తీసుకెళ్లలేదు, శాలలోనే నీళ్ల కుళాయి ఉంది, కాపలావాడు నీళ్లు తప్ప ఇంకేమీ తాగకూడదని అక్కడ రూలు అని. ఆ తర్వాత వాక్యం, చీకటిగా ఉంది కాబట్టి చేతిలో లాంతరు ఉంది అని. చూశారా, మన కళ్లు కుళాయి మీదకి, రూలు మీదకి, లాంతరు మీదకి వెళ్లిపోయాయి, కూర వెనక ఉండిపోయింది. నల్లమందుకి ఒక రుచి ఉంటుంది, మామూలు తిండిలో కలిపితే నోటికి తెలిసిపోతుంది, మసాలా కూరలో తెలియదు. మరి సరిగ్గా ఆ రాత్రే ఆ ఇంట్లో కూర వండించింది ఎవరు? ఇంతకంటే చెప్పను, చదువుకోండి. ఇంగ్లండులో రాసిన కథలో మసాలా ఘాటు మీద కేసు తేలడం హైదరాబాదు వాణ్ని కాబట్టి నాకు ఇంకొంచెం ఎక్కువ నచ్చుతుంది, అది వేరే విషయం.

ఇదే పని మీ కథలో చేసి చూద్దాం. అమ్మకం జరిగిన పేజీ మొత్తం తీసేయండి. దాని బదులు ఇలాంటిది ఒకటి రాయొచ్చు, మీరైతే నాకంటే బాగా రాస్తారు:

"పండక్కి అమ్మ బీరువా పైఅర దులుపుతోంది. పాత రేషన్ కార్డు, నా పదో తరగతి హాల్ టికెట్టు, ప్లాటు కాగితాలు పెట్టే ప్లాస్టిక్ కవరు, ఖాళీది, తాతయ్య పోయినప్పుడు పేపర్లో వేయించిన ఫొటో. ఆ ఫొటో పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. వంటింట్లో పాలు పొంగాయి."

ఖాళీ కవరు మూడోది. మొదటిది చూస్తాం, చివరిది గుర్తుంచుకుంటాం, మధ్యలోవి చదివి వదిలేస్తాం. పైగా చివరిదానికి ఒక చావు తగిలించాను, ఆ తర్వాత పాలు పొంగించాను. ఇంతమందిని దాటుకుని ఆ కవరు దగ్గరికి వెళ్లే పాఠకుడు వందలో ఒకడు కూడా ఉండడు.

దీనికంటే మంచి పద్ధతి ఇంకోటి ఉంది, మంచి రచయితలు ఎక్కువగా వాడేది అదే. దాచకుండా ఎదురుగా పెట్టి, దానికి తప్పు అర్థం చెప్పించడం. కవరు ఖాళీగా ఉందేంటని కూతురే అడుగుతుంది. అమ్మ, పొయ్యి దగ్గర్నుంచే, "ఎల్‌ఆర్‌ఎస్‌కి జిరాక్సులు కావాలని మీ నాన్న పట్టుకెళ్లినట్టున్నారు" అంటుంది. అయిపోయింది. ఎల్‌ఆర్‌ఎస్ అంటే ప్లాటుని క్రమబద్ధీకరించుకునే ప్రభుత్వ పథకం, మన ఊళ్లో ప్లాటున్న ఏ ఇంట్లోనైనా ఈ జవాబు నమ్మనివాళ్లు ఉండరు. పాఠకుడికి ప్రశ్న వచ్చేలోపే జవాబు దొరికింది, దొరికిన జవాబుని ఎవరూ మళ్లీ తిరగేసి చూడరు. పైగా ఇక్కడ అమ్మ అబద్ధం చెప్పలేదు, తను నిజంగా అలాగే అనుకుంటోంది. రేపు సంగతి బయటపడ్డాక పాఠకుడు వెనక్కి తిరిగి ఈ సీనుకి వస్తే, ఆమె నమ్మకం చూసి కడుపులో తిప్పుతుంది. మీరు ఐదో పేజీలో ఆమెని ఏడిపించి సాధించాలనుకున్నది అదే కదా.

రెండో దారి, ముందే చెప్పేయడం. సినిమా వాళ్లకి ఇది బాగా తెలుసు. సస్పెన్స్ సినిమాలు తీసిన హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు ట్రుఫోతో మాట్లాడుతూ చెప్పిన ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది: ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏదో పనికిమాలిన కబుర్లు చెప్పుకుంటున్నారు, బల్ల కింద బాంబు ఉంది. ప్రేక్షకుడికి తెలియకుండా అది పేలితే 15 సెకన్ల ఉలికిపాటు. ముందే చూపించి, ఎన్నింటికి పేలుతుందో చెప్పి, ఆ తర్వాత కబుర్లు వినిపిస్తే 15 నిమిషాల టెన్షన్. కబుర్లు అవే. క్రైం నవలల్లోనూ ఇది పాత దారే. 1912లోనే ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఆయన కథ మొదటి సగంలో నేరం చేసేవాణ్ని, నేరాన్ని పూర్తిగా చూపించేసి, రెండో సగంలో వాడు ఎలా దొరికాడన్నది మాత్రం చెప్పే కథలు పుస్తకంగా వేశాడు. ఎవరు అన్న ప్రశ్న తీసేసినా కథ నిలబడుతుందా అని ఆయనకి అనుమానం వచ్చింది, నిలబడింది.

మీ బాంబు ప్లాటు. మొదటి వాక్యంలోనే అమ్మేసినట్టు చెప్పేయండి. ఇప్పుడు పెళ్లిమాటల సీను రాయండి. కాబోయే వియ్యంకుడు బొబ్బట్టు తుంచుకుంటూ, "ఈ ఆదివారం సరదాగా ఘట్‌కేసర్ దాకా వెళ్లొద్దామండీ, ప్లాటు చూసినట్టూ ఉంటుంది" అంటాడు. నాన్న, "వెళ్దాం వెళ్దాం, ఎండలు కాస్త తగ్గనీండి" అంటాడు. లోపల్నుంచి నెయ్యి గిన్నె పట్టుకొచ్చిన అమ్మ, "కార్తీకమాసంలో ఎండలేంటండీ మీ మొహం" అని నవ్వుతుంది. అందరూ నవ్వుతారు. పాఠకుడు ఒక్కడు నవ్వలేడు. ఇలాంటివి మూడు సీన్లు మీ ఆరు నెలల్లో పడాలి, మీరు "ఆరు నెలలు గడిచాయి" అని ఒక్క ముక్కలో దాటేసిన ఆ ఆరు నెలల్లో.

ఏ దారి అని నన్నడిగితే మీ కథకి రెండోదే అంటాను. కానీ నేర్చుకోవడానికి రెండూ రాసి చూడండి.

ఇంకో సంగతి, కథ ఎవరి పక్కన నిలబడి చెప్పాలన్నది. హోమ్స్ కథలు హోమ్స్ చెప్పడు, దాదాపు అన్నీ వాట్సనే చెప్తాడు. అన్నీ చూస్తాడు, ఏదీ పట్టుకోలేడు, కాబట్టి మనం అతని పక్కన హాయిగా కూర్చుంటాం. మన కొమ్మూరి సాంబశివరావు కూడా డిటెక్టివ్ యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజుని పెట్టుకున్నాడు. మీ కథ తండ్రి తలకాయలోంచి చెప్పారు, అంటే రహస్యం ఉన్న గదిలోనే మమ్మల్ని కూర్చోబెట్టి తలుపేశారు. ఆ ఇంట్లో ఎక్కువ చూసేది, తక్కువ తెలిసింది ఎవరికో ఆలోచించండి. నాకైతే ఆ చిన్న కొడుకు కనిపిస్తున్నాడు, మీరు రెండు వాక్యాల్లో చూపించి వదిలేసిన ఇంటర్ కుర్రాడు. నాన్న బ్యాంకుకి వెళ్లినప్పుడు బండి నడిపింది వాడే కదా!

క్రైం నవలల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం విచారణ. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతాడు, ఒక్కొక్కరూ ఏదో దాస్తారు. హంతకుడు హత్య దాస్తాడు, సరే. కానీ మేనల్లుడు పేకాట అప్పు దాస్తాడు, కోడలు పుట్టింటికి పంపిన డబ్బు దాస్తుంది, వంటాయన రోజూ ఇంటికి పట్టుకెళ్తున్న బియ్యం దాస్తాడు. అందరూ తడబడతారు, అందుకే అందరూ అనుమానంగా కనిపిస్తారు. సంభాషణ రాయడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. మీ కథలో మనుషులు అడిగినదానికి జవాబు చెప్తారు. "ఎక్కడికెళ్లారు?" "బ్యాంకుకి." ఇళ్లలో ఎవరు చెప్తారమ్మా అలా? "ఎక్కడికెళ్లారు?" అంటే "అన్నం పెట్టు, ఆకలేస్తోంది" అంటారు. కథ మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మీ పాత్రల పేర్లన్నీ రాసి, ఒక్కొక్కరి ఎదురుగా వాళ్లు ఏం దాస్తున్నారో ఒక్క లైను రాయండి. చిల్లర విషయమైనా సరే. కథలో వాడకపోయినా సరే.

అయితే దాచడానికీ ఒక న్యాయం ఉంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అని, ఆయన పాదిరీ, పైగా డిటెక్టివ్ కథలు రాసేవాడు, పది నియమాలు రాశాడు. కొన్ని ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది, ఒకటైతే సిగ్గేస్తుంది కూడా. కానీ రెండు ఇప్పటికీ గట్టివి. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి. అదృష్టం వచ్చి డిటెక్టివ్‌కి సాయం చేయకూడదు. రెండోది మన ఇంటి కథలకి ఎంత అవసరమో చూడండి. మన కథల్లో చివరి పేజీలో అమెరికా నుంచి దిగే మేనమామలు ఎంతమంది, సరిగ్గా టైముకి గుండెపోటు వచ్చే విలన్లు ఎంతమంది! మీ కథలో కూడా ఒకడున్నాడు, అప్పు తీరిన బాబాయి సరిగ్గా పెళ్లి జరిగే వారంలోనే డబ్బు తెచ్చి ఇస్తాడు. తీసేయండి వాణ్ని. లేదంటే వాడు తెచ్చిస్తాడన్న అనుమానం మాకు రెండో పేజీ నుంచే ఉండేలా చేయండి.

చదివే పద్ధతి అడిగారు. మొదటిసారి పెన్సిలు ముట్టుకోవద్దు, నోట్సులు వద్దు, మామూలుగా మోసపోండి. మోసపోకుండా చదివితే మోసం ఎలా జరిగిందో ఎప్పటికీ తెలీదు. ఒక్క పని చేయండి చాలు, ఎవరి మీదైనా గట్టిగా అనుమానం వస్తే ఆ పేజీ నంబరు, పేరు ఎక్కడైనా రాసుకోండి. ఒక వారం ఆగి రెండోసారి తీయండి. ఈసారి ఒక తెల్ల కాగితం మీద నిజంగా జరిగిన కథని తేదీలు, టైములతో వరసగా రాయండి, మీ బ్యాచ్ రికార్డులాగే. దాని పక్కన ఒక్కో ముక్క మనకి ఏ అధ్యాయంలో తెలిసిందో రాయండి. ఆ రెండు వరసలకీ మధ్య గీతలు గీస్తే సాలెగూడులా తయారవుతుంది, ఆ సాలెగూడే ఆ రచయిత కథనం. ఆ తర్వాత హంతకుడు కనిపించిన ప్రతి పేజీ తిరగేసి, వాడి పక్కన రచయిత ఏ చప్పుడు పెట్టాడో చూడండి. ఒక పుస్తకానికి రెండు మూడు ఆదివారాలు పడుతుంది. ఇరవై పుస్తకాలు గబగబా చదవడం కంటే ఒక్కదాన్ని ఇలా విప్పడం మేలు, నేను రెండూ చేసి చూశాను. లైబ్రరీ పుస్తకమైతే గీతలు గీయకండి, చీటీలు పెట్టుకోండి. నీలం పెన్నుతో అసలు రాయకండి.

మొదట ఏ పుస్తకం అంటే, అగాథా క్రిస్టీ 1926లో రాసింది, రోజర్ అక్రాయిడ్ హత్య మీద. దాని గురించి ఎవరైనా ఏమైనా చెప్పబోతే చెవులు మూసుకోండి. వచ్చినప్పుడు ఇది అన్యాయం అని గొడవ చేసినవాళ్లున్నారు, రెండోసారి చదివితే మనకి ఎదురుగానే చెప్పిన వాక్యాలు ఒక్కొక్కటీ లేచి నిలబడతాయి. మీది ఫార్మా కాబట్టి ఇంకో ముక్క: ఆవిడ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది, ఆవిడ నవలల్లో అంతమంది విషంతో పోవడానికి మూలం అదే. పొద్దున్నుంచీ చేసే పని కథల్లోకి తెచ్చుకుంది. మీ మూడు కథల్లో ఒక్క ఫ్యాక్టరీ కూడా లేదేం?

తెలుగులో అయితే పాత కొమ్మూరి పుస్తకాలు దొరికినన్ని చదవండి. ఆయన వాక్యం చిన్నది, అనవసరమైన మాట తక్కువ. మధుబాబు షాడో మా తరానికి ప్రాణం, కానీ అక్కడ నేర్చుకునేది వేగం, ఆధారం దాచడం కాదు, కాబట్టి తర్వాత చదవొచ్చు. ఆదివారం పొద్దున మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగి అలా ఆబిడ్స్ దాకా నడవండి, ఫుట్‌పాత్‌ల మీద పరిచిన పాత పుస్తకాల్లో అట్టలు ఊడిపోయినవి దొరుకుతాయి. తొందరగా వెళ్లండి, ఎండెక్కితే బేరం చేసే ఓపిక ఇద్దరికీ ఉండదు. చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి. కొనే ముందు ఏముంటాయో చూడాలంటే సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది, అఫ్జల్‌గంజ్‌లో కేంద్ర గ్రంథాలయం ఉంది.

తీసుకోకూడనివి కూడా చెప్పాలి. అధ్యాయం చివర తలుపు చప్పుడై, తర్వాతి అధ్యాయంలో అది పాలవాడు అని తేలే కొక్కేలు వద్దు. పాఠకుణ్ని ఒకసారి అలా లాగొచ్చు, రెండోసారి తిడతాడు. చివర్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ ఇరవై పేజీలు వివరించేది అసలే వద్దు. మీ కథలో కూతురు చివర్లో నాన్న ఎందుకలా చేశాడో పేరా నిండా వివరించింది చూడండి, అదీ ఆ జాతే. నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్తుంటే కూతురు వెనకే వెళ్లి గొడుగు ఇచ్చిందని రాస్తే మాకు అర్థమవుతుంది. మాకు ఆ మాత్రం తెలుసు.

ఇక మీరు చేయాల్సింది. ఆ బీరువా సీను నేను రాసినట్టు కాకుండా మీ సొంతంగా రాసి పంపండి. కవరు బీరువాలోనే ఉండక్కర్లేదు, ప్లాటు పోయిందని చెప్పే వస్తువు కవరే అవ్వక్కర్లేదు. మీ ఇష్టమొచ్చిన చోట, ఇష్టమొచ్చిన వస్తువు దాచండి. నాకంటే ముందు మీ మామగారికి ఇవ్వండి, ఏమీ చెప్పకుండా, కేవలం అచ్చుతప్పులు చూడమని. లెక్చరరు గారి చూపు కాబట్టి దీర్ఘాలు, ఒత్తులు అన్నీ దొరుకుతాయి. ఆ వస్తువు మాత్రం దొరక్కుండా కాగితం మీకు తిరిగి వస్తే, అప్పుడు నాకు పంపండి.